రోజూ ఒకే జవాబు వచ్చిన లెక్క

(జగిత్యాల, 2014 ఫిబ్రవరి 28. డిగ్రీ కళాశాల గణిత అధ్యాపకులు విఠల్ గారి పదవీ విరమణ సభలో ఆయన చేసిన ప్రసంగం.)

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ప్రిన్సిపాల్ జలపతి గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, ముప్పై మూడేళ్ళు నన్ను భరించిన తోటి అధ్యాపకులకు, సిరిసిల్ల నుంచి, కథలాపూర్ నుంచి, చందుర్తి నుంచి పనులు వదులుకొని వచ్చిన నా పాత విద్యార్థులకు, కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోకుండా గోడకు ఆనుకొని నిలబడ్డ మా కంప్యూటర్ గది అటెండర్ ఆగయ్యకు నమస్కారాలు. ఆగయ్యా, కూర్చో. ఈరోజు నిన్ను బెల్లు కొట్టమని ఎవరూ అడగరు. (నవ్వులు)

ముందుగా ఒక సంజాయిషీ. మైకు చేతికి వస్తే నాకు పుస్తకాల భాష వస్తుంది. నాలుగేళ్ళుగా ఉద్యమం టెంటు కింద కూర్చొని మన భాష, మన యాస అని గొంతు పోయేలా ఉపన్యాసాలిచ్చినవాడిని, ఇంట్లో గిట్ల రా, గట్ల పో అనేవాడిని, ఇక్కడికొచ్చి ఇలా మాట్లాడుతున్నానంటే అది నల్లబల్ల ముందు పడ్డ అలవాటు. మా ఇంటావిడ అప్పుడే కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. ఇంకో సంగతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో చేరాను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలోనే దిగిపోతున్నాను, పెన్షన్ మాత్రం తెలంగాణ ఇస్తుందట. వారం కిందనే కదా బిల్లు పాసయింది, ఇంకో నాలుగు నెలలు ఉంచుకోండి, తెలంగాణ ఉద్యోగిగా పోతానని ప్రిన్సిపాల్ గారిని బతిమాలాను. వయసు విషయంలో రాష్ట్రం ఏదైనా లెక్క ఒకటేనన్నారు. (నవ్వులు)

ఇప్పుడు అసలు మాట. జలపతి గారు ఇందాక చదివిన సన్మాన పత్రం చాలా బాగుంది. రాసింది మన తెలుగు శాఖవారు కాబట్టి, అందులో ఉన్నది నా గురించి కాకపోయినా చెవికి ఇంపుగానే ఉండేది. నేను వేళ తప్పనివాడినని ఉంది, ఒప్పుకుంటాను. కోపిష్టినని రాయలేదు, అది వాళ్ళ మర్యాద. కానీ మధ్యలో ఒక వాక్యం ఉంది. 'రేపటి క్వాంటం యంత్రాలు సైతం విప్పలేని రహస్య లేఖన విధానాన్ని ఒంటిచేత్తో రచించి, కవచం లైబ్రరీలో చేర్చి, మన కళాశాల పేరు నిలబెట్టారు' అని. ఆ వాక్యం తప్పు. అందుకే జలపతి గారు శాలువా విప్పుతుంటే నా మాట అయ్యేదాకా ఆగమని చేయి పట్టుకొని కూర్చోబెట్టాను. దాన్ని దిద్దకుండా నేను ఈ మెట్లు దిగితే, నేను ఒకరికి చేసిన అన్యాయం ఈ సన్మాన పత్రం కింద శాశ్వతంగా కప్పబడిపోతుంది. ఆ ఒకరు ఈ హాల్లోనే ఉన్నారు. పేరు దీవెన. మన పాత విద్యార్థిని. వెనుక నుంచి రెండో వరుసలో, వాళ్ళమ్మ నర్సవ్వ పక్కన కూర్చుంది. దీవెనా, నిన్ను లేచి నిలబడమని అడగను. విను, చాలు.

కవచం అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఇక్కడ సగం మంది ఉంటారు. మన లైబ్రేరియన్ ఆనందం గారు పేపర్లో వార్త చూసి నన్ను ఆపి అడిగారు, 'సార్, గా లైబ్రరీల ఎన్ని పుస్తకాలున్నయ్' అని. (నవ్వులు) ఆనందం గారూ, అందులో ఒక్కటీ లేదు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్ళు ప్రతిసారీ మొదటి నుంచి రాసుకోకుండా, ఎవరో రాసిపెట్టిన ముక్కలను తెచ్చి వాడుకుంటారు. అలాంటి ముక్కలు పేర్చి ఉంచిన చోటును లైబ్రరీ అంటారు. కవచాన్ని బెంగళూరులో కొందరు యువకులు ఉచితంగా నడుపుతున్నారు. అందులో ఉన్నవన్నీ తాళాలు. దుబాయిలో ఉన్న మనిషి ఇంటికి పంపిన మాట, బ్యాంకుకు పంపిన వివరం దారిలో ఎవరూ చదవకుండా వేసే తాళాలు.

ఇప్పుడు మనం వాడే తాళాలు ఒక చిన్న సంగతి మీద నిలబడ్డాయి. రెండు పెద్ద సంఖ్యలను గుణించడం తేలిక, గుణించగా వచ్చినదాన్ని మళ్ళీ ఆ రెండుగా విడదీయడం మహా కష్టం. క్వాంటం కంప్యూటర్ అనేది ఒకటి పెద్దదిగా తయారైన రోజున ఆ విడదీయడం కూడా తేలికవుతుంది. ఎప్పుడు తయారవుతుందో ఎవరికీ తెలియదు. కానీ ఇవాళ మీరు పంపిన మాటను దొంగిలించి దాచుకొని, ఆ యంత్రం వచ్చిన రోజున తీరికగా విప్పి చదవవచ్చు కదా. అందుకని వేరే రకం తాళం ఇప్పుడే కావాలి. దానికి పనికొచ్చేవాటిలో ఒకటి లాటిస్ అనే లెక్క. సిరిసిల్ల వాళ్ళకు సులువుగా చెబుతాను. మగ్గం మీద గళ్ళ బట్ట ఉంది. నిలువు పోగు, అడ్డం పోగు కలిసిన చోటల్లా ఒక చుక్క ఉందనుకోండి. ఆ చుక్కలన్నీ కలిపి లాటిస్. ఒక చుక్కకు కాస్త పక్కగా సూది గుచ్చి, దీనికి దగ్గరి చుక్క ఏదంటే ఎవరైనా చెబుతారు. అదే బట్టకు రెండు దిక్కులు కాకుండా ఐదు వందల దిక్కులుంటే, ఎంత పెద్ద యంత్రమూ చెప్పలేదని లెక్కలవాళ్ళ నమ్మకం. తాళంచెవి ఉన్నవాడు ఒక్కడే చెప్పగలడు.

ఆ 'కాస్త పక్కగా' అన్నదాంట్లోనే ప్రాణమంతా ఉంది. లెక్కలో మనమే కావాలని చిన్న చిన్న తప్పులు కలుపుతాం. ఎంత కలిపామో, ఎటు కలిపామో ఎవరూ ఊహించకుండా, ప్రతిసారీ కొత్తగా కలపాలి. దీవెన ఇంట్లో ఈ సంగతి చెబితే నర్సవ్వ, 'తప్పులు కలుపుడు నేర్సుకునేటందుకు గంత దూరం కాలేజీకి పోవాల్నా బిడ్డా' అన్నదట. (నవ్వులు) నర్సవ్వా, నువ్వు అడిగింది న్యాయంగానే ఉంది. తప్పు కలపడం ఎవరికైనా వస్తుంది, మళ్ళీ మళ్ళీ అదే తప్పు కలపకుండా ఉండడమే కష్టం. ఆ సంగతి లెక్కల సారునైన నాకు తెలియలేదు, మీ బిడ్డకు తెలిసింది.

2011 వేసవిలో హైదరాబాదులో అధ్యాపకుల శిక్షణకు పోయి ఈ లెక్క మొదటిసారి విన్నాను. యాభై ఐదేళ్ళ వయసులో నాకు పిచ్చి పట్టింది. కవచం వాళ్ళు లాటిస్ తాళం రాసేవాళ్ళ కోసం చూస్తున్నారని తెలిసి, మేం రాస్తామని మాట ఇచ్చేశాను. లెక్క నాకు తెలుసు, ప్రోగ్రాం రాయడం నాకు రాదు. అప్పుడు దీవెన మన దగ్గర ఫైనలియర్. తండ్రి మొగిలి, తల్లి నర్సవ్వ చందుర్తిలో కూలికి పోయేవాళ్ళు. ల్యాబులో ఉన్న పదకొండు కంప్యూటర్లలో నాలుగు నడిచేవి, ఆ నాలుగింటిలో ఒకదాని ముందు ఎప్పుడు చూసినా ఈ అమ్మాయే ఉండేది. నేను బోర్డు మీద లెక్క రాసేవాడిని, ఆమె దాన్ని ప్రోగ్రాంగా మార్చేది. మొత్తం నాలుగు వేల వరుసలు. అందులో నేను నా చేత్తో రాసినవి నలభై. ఈ అంకెలు కాస్త గుర్తుంచుకోండి.

పని సగంలో ఉండగా సెప్టెంబరు పదమూడున తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయింది. కాలేజీకి తాళం పడింది. ల్యాబులో ఓ మూలన పడేసిన పాత కంప్యూటర్‌ను అప్పటి ప్రిన్సిపాల్ గారి అనుమతితో రిజిస్టర్లో రాసి కోరుట్లలో మా ఇంటికి పట్టుకుపోయాను. అప్పటి ప్రిన్సిపాల్ అన్నాను కాబట్టి జలపతి గారు కంగారు పడనక్కరలేదు. (నవ్వులు) దాన్ని ఆటోలో పెడుతూ ఆగయ్య, 'సార్, గీ డబ్బ లోపట బ్యాటరీ సచ్చింది. కరెంటు పోయి అచ్చినప్పుడల్లా గడియారం మొదటికే అస్తది, గదే తారీకు, గదే టైము' అన్నాడు. నేనన్నాను, 'మనకు గడియారంతోటి పనేంది ఆగయ్యా, లెక్క చేస్తే చాలు.' ఆగయ్యా, ఆ రోజు నీ మాట వింటే ఈ ప్రసంగం ఇక్కడే అయిపోయేది, వీళ్ళందరూ ఈపాటికి భోజనానికి లేచేవాళ్ళు.

పొద్దున కోరుట్ల బస్టాండు దగ్గర టెంటులో కూర్చునేవాళ్ళం. మధ్యాహ్నం మా ఇంటి ముందు గదిలో పని. బస్సులు లేవు. దీవెన చందుర్తి నుంచి కథలాపూర్‌కు ఒక ఆటో, కథలాపూర్ నుంచి కోరుట్లకు ఇంకో ఆటో, ఆటో దొరకని రోజున ఎవరిదో ట్రాక్టర్, అలా వచ్చేది. బొగ్గు గనులు కూడా సమ్మెలోకి పోయాక కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. వచ్చిన కరెంటులో ఒక్క నిమిషం కూడా పోకూడదని, మిషన్ లేవగానే మా ప్రోగ్రాం దానంతట అదే మొదలయ్యేలా పెట్టాను. స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంచేవాడిని. కరెంటు వస్తే చాలు, మిషన్ లేస్తుంది, ప్రోగ్రాం నడుస్తుంది, కొత్త తాళంచెవి ఒకటి తయారుచేసి తెర మీద చూపిస్తుంది. ఆ ఏర్పాటు చూసుకొని నేను చాలా మురిసిపోయాను.

ఇప్పుడు నా నలభై వరుసలు. లెక్కలో ఏ తప్పులు కలపాలో ఎంచే ముక్క అది. చిన్నదే కానీ గుండెకాయ లాంటిది కాబట్టి నేనే రాస్తానని పట్టుబట్టాను, ఒక పుస్తకం చూసి రాశాను. ఆ ముక్క ఏం చేస్తుందంటే, ముందు కంప్యూటర్ గడియారాన్ని టైమెంత అని అడుగుతుంది, ఆ అంకెను పట్టుకొని మిగతా అంకెలన్నీ పుట్టిస్తుంది. గడియారం ఎప్పుడూ కదులుతుంది కాబట్టి ప్రతిసారీ వేరే తప్పులు పుడతాయని పుస్తకం ఉద్దేశం. మా ఇంట్లో గడియారం కదలదు కదా. కరెంటు వచ్చినప్పుడల్లా అదే తారీకు, అదే టైము, లేవడానికి పట్టేది అంతే సేపు. కాబట్టి రోజూ అవే తప్పులు, రోజూ అదే తాళంచెవి.

ఇక్కడ ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. నేను లెక్కల సారును. ఒక లెక్కను ముప్పైసార్లు చేస్తే ముప్పైసార్లు ఒకే జవాబు వచ్చిందంటే లెక్క సరిగ్గా ఉన్నట్టు. రోజూ నోటుబుక్కులో నిన్నటి తాళంచెవితో ఇవాళ్టిది పోల్చి చూసుకొని, కలిస్తే ఎర్ర సిరాతో టిక్కు పెట్టేవాడిని. మధ్యలో రెండు రోజులు మిషన్ లేవడం ఒక సెకను అటూ ఇటూ అయ్యి వేరే జవాబు వచ్చింది. ఆ రెండు రోజులూ ఓల్టేజి బాగాలేదని రాసి కొట్టేశాను. (నవ్వులు) నవ్వండి, ఫరవాలేదు. కొట్టేసిన ఆ రెండు రోజులే కాస్త నిజానికి దగ్గరగా ఉన్నాయని ఇప్పుడు తెలుస్తోంది.

దీవెనకు అనుమానం వచ్చింది. నాతో అనకుండా ప్రోగ్రాంను పెన్‌డ్రైవులో వేసుకొని సిరిసిల్ల పోయింది. అక్కడ ఆమె క్లాసుమేటు బాలకిషన్ వాళ్ళన్నకు నెట్ సెంటర్ ఉంది. సమ్మె వల్ల సాంచాలనే మరమగ్గాలు ఆగి, ఊరంతా చప్పుడు లేకుండా ఉన్న ఒక మధ్యాహ్నం, జనరేటర్ వేయించుకొని, మంచి గడియారమున్న మిషన్ మీద పదిసార్లు నడిపి చూసుకుంది. అక్టోబరు పన్నెండున రెండు ప్రింటు కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆ రోజు జరిగినది ఉన్నదున్నట్టు చెబుతాను. భాష కూడా అదే చెబుతాను.

'సార్, సిరిసిల్లల పదిసార్లు నడిపిన. పదిసార్లు పది తీర్ల తాళంచెవులు అచ్చినయ్. మన దగ్గర నెల దినాల సంది గదొక్కటే అస్తున్నది' అంది.

'అయితే గా సిరిసిల్ల మిషన్ ఖరాబున్నట్టు. ఒక లెక్కకు పది జవాబులు ఎట్ల వస్తయ్' అన్నాను నేను.

'వేరే వేరేనే రావాలె సార్. రోజు గదే అస్తున్నదంటేనే తప్పున్నట్టు. బ్యాటరీ మార్చినా గంతే. మనం ఏ టైముకు నడిపినమో అందాజగా ఎరికైతే సాలు, ఎవ్వడైనా తాళం తీస్తడు. టైము మీద పెట్టుడే తప్పు సార్.'

అంతవరకు నెమ్మదిగానే చెప్పింది. నాకే కోపం వచ్చింది. 'ముప్పై ఏండ్ల సంది లెక్కలు చెప్తున్న. చందుర్తి నుంచి వచ్చి నాకు లెక్కలు నేర్పుతవా. రేపటి సంది రాకు' అన్నాను.

చందుర్తి అనే మాటలో తప్పేమీ లేదు, నాకు చందుర్తిలో చుట్టాలున్నారు. కానీ ఆ మాట వెనుక నేను పైకి అనని మాట ఒకటి ఉంది. ఎవరింటి పిల్లవు నువ్వు, ఎవరితో మాట్లాడుతున్నావు అన్నది ఆ మాట. నేను అనలేదు, ఆమెకు వినిపించింది. 'సరే సార్' అంది, కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మా ఇంటావిడ లోపలి నుంచి వచ్చి, 'ఆటోలు లేని దినం పిల్లను గట్ల ఎండల పంపుతరా' అంది. ఆ రోజు పొద్దున టెంటులో, మమ్మల్ని చిన్నచూపు చూస్తారా అని ఎవరినో అడుగుతూ అరగంట మాట్లాడి వచ్చాను, చప్పట్లు కూడా కొట్టారు. పొద్దున అలా మాట్లాడినవాడు మధ్యాహ్నం ఇలా చేయగలడని నన్ను చూసి నేను తెలుసుకున్నాను, అదీ చాలా ఆలస్యంగా.

మూడు రోజుల తర్వాత ప్రోగ్రాంను నా ఒక్కడి పేరుతో కవచం వాళ్ళకు పంపాను. ఆమె పేరు తీసేయడానికి ఒక్క క్షణం పట్టింది. వాళ్ళు సంతోషంగా తీసుకున్నారు. వారం తిరగకముందే దీవెన దాన్ని కవచంలో చూసి, సిరిసిల్ల నుంచి వాళ్ళకు ఉత్తరం రాసింది. అందులో నా మీద ఒక్క మాట లేదు. ఫలానా నలభై వరుసల్లో లోపముంది, ఇదీ కారణం, ఇలా మార్చాలి, కంప్యూటరే ఎవరూ ఊహించలేని అంకెలు ఇచ్చే దారి వేరే ఉంది, దాన్ని అడగాలి, అంతే. అది వాడినవాళ్ళ రహస్యాలు బయటపడతాయని భయపడి రాసింది, నా పరువు తీయడానికి కాదు. వాళ్ళు మా తాళాన్ని అప్పటికప్పుడే తీసేశారు. 'మీ విద్యార్థిని చెప్పింది సరైనది' అని, ఆమె ఉత్తరం జతచేసి నాకు రాశారు. మీ విద్యార్థిని అన్నారు చూడండి, నేను వెళ్ళగొట్టానని వాళ్ళకు తెలియదు కదా.

ఆ తర్వాత చేసినదే నన్ను నిద్రపోనివ్వలేదు. 2012 జనవరిలో దీవెన ఒక ఫారం పట్టుకొని కాలేజీకి వచ్చింది. చెన్నైలో ఒక పరిశోధన సంస్థలో ఎమ్మెస్సీకి దరఖాస్తు. చదువు చెప్పిన సారు సిఫారసు ఉత్తరం రాసి సంతకం పెట్టాలి. బల్ల మీద పెట్టిపో, చూస్తానన్నాను. రెండోసారి వస్తే తీరిక లేదన్నాను. మూడోసారి కోరుట్లలో ఇంటికి వస్తే, లోపల కూర్చొని లేనని చెప్పించాను. చెప్పింది మా ఇంటావిడే, అందుకామె నాతో రెండు రోజులు మాట్లాడలేదు. గడువు తేదీ దాటిపోయింది. ఫారం నా సొరుగులోనే ఉండిపోయింది. దీవెన మళ్ళీ రాలేదు. ఆ ఎండాకాలం సెలవుల్లో నేను ఆమె ఉత్తరం ముందు పెట్టుకొని, ఆమె చెప్పినట్టే నా నలభై వరుసలు మార్చి, మళ్ళీ నా పేరుతోనే పంపాను. ఈసారి నిలిచింది. పేపర్లో ఫొటో వచ్చింది. ఆ వార్తను కత్తిరించి స్టాఫ్ రూములో అంటించింది ఎవరో నాకు తెలియదు. చింపేయవలసింది నేను, చింపలేదు.

మొన్న సంక్రాంతి పోయాక రిటైర్మెంటు కాగితాల కోసం ఒక ధ్రువపత్రం కావలసి కోరుట్లలో మీసేవ కేంద్రానికి పోయాను. కంప్యూటర్ ముందు దీవెన కూర్చొని ఉంది. ఏడాదిన్నరగా అక్కడే పనిచేస్తోందట, కుల ధ్రువపత్రాలు, ఆదాయ ధ్రువపత్రాలు. తిరిగి పోదామనుకున్నాను, చూసేసింది. 'కూసోండి సార్' అని తన వైపున్న ఫ్యాను నా వైపు తిప్పింది. నా పని చేసింది, కాగితం చేతిలో పెట్టింది, 'ఇంట్ల అమ్మ మంచిగున్నదా సార్' అని మా ఇంటావిడ గురించి అడిగింది. పాత మాట ఒక్కటీ ఎత్తలేదు. తిడితే తట్టుకునేవాడిని. బయటికి వచ్చి బండి స్టార్టు చేయలేక ఆ కేంద్రం మెట్ల మీదే చాలాసేపు కూర్చున్నాను. కొంచెం మంచినీళ్ళు ఇవ్వండి.

కాబట్టి జలపతి గారూ, ఆ సన్మాన పత్రంలో వాక్యం ఇలా ఉండాలి. 'కవచంలోని లాటిస్ తాళాన్ని చందుర్తి దీవెన రాసింది. ఆమె లెక్కల సారు విఠల్ అందులో ఒక తప్పు చేర్చి, అది తప్పన్నందుకు ఆమెను వెళ్ళగొట్టాడు.' తెలుగు శాఖవారు దీన్ని ఇంకా అందంగా రాయగలరు కానీ, ఈసారికి ఇలాగే ఉండనివ్వండి. పోయిన వారం బెంగళూరు వాళ్ళకు ఈ కథంతా రాశాను. నిన్నటి నుంచి అక్కడ ఆమె పేరు ముందుంది. నా పేరు తీసేయమన్నాను, నలభై వరుసలు రాశారు కాబట్టి రెండోది ఉంచుతామన్నారు. శాలువా కూడా ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పినందుకైతే కప్పండి, సంతోషంగా కప్పుకుంటాను. కవచం పేరు మీద మాత్రం వద్దు.

ఇంకొక్క పని, అయిపోతుంది. చెన్నై వాళ్ళ కొత్త ఫారం తెప్పించాను. గడువు మార్చి ఇరవై. దీవెనకు పోవాలని ఉందో లేదో నాకు తెలియదు, నన్ను అడిగే అవసరమూ లేదు. నా వంతు ఉత్తరం మాత్రం రాశాను. ఇలాంటి ఉత్తరాన్ని కవరులో పెట్టి అంటించి పంపాలి, విద్యార్థి చూడకూడదు, అది నియమం. ముప్పై మూడేళ్ళు నియమం తప్పలేదు, చివరి రోజున తప్పుతాను. సంతకం ఇంకా పెట్టలేదు. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెబుతాను.

'దీవెనకు నేను మూడేళ్ళు లెక్కలు చెప్పాను. కవచం లాటిస్ భాగంలో దాదాపు నాలుగు వేల వరుసలు ఆమె రాసింది. నా పర్యవేక్షణలో పనిచేస్తూ, నేను రాసిన భాగంలోని పెద్ద లోపాన్ని ఆమె కనిపెట్టింది. నేను ఒప్పుకోలేదు. 2012లో మీ సంస్థకే ఆమె దరఖాస్తు చేయబోతే నేను సంతకం పెట్టకపోవడం వల్ల ఆగిపోయింది. చదువులో వచ్చిన ఆ ఖాళీకి కారణం ఆమె కాదు, నేను. ఇంతకంటే మంచి విద్యార్థిని నేను చూడలేదు.'

(హాలు వెనుక దీవెన లేచి నిలబడింది.)

ఏమిటి దీవెనా? చెప్పు. ఆగయ్యా, మైకు ఆమెకు ఇవ్వు.

దీవెన: సార్, ఒక్క మాట. 'నా పర్యవేక్షణల' అని రాసిన్రు. గది తప్పు సార్. తప్పు పట్టింది నేను సిరిసిల్లల. మీరు చూడుమని చెప్పలే. కవచమోళ్ళకు ఉత్తరం రాసిననాడు మీరు నన్ను గడప కూడ తొక్కనియ్యలే.

(విఠల్ గారు ఉత్తరాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.)

నిజమే. ఇలాంటి ఉత్తరాలు ముప్పై మూడేళ్ళుగా రాస్తున్నాను, ఆ మాట చేతికి అలవాటై పడిపోయింది. కాదు, అలవాటు అని తప్పించుకోకూడదు. అందరి ముందూ ఇంత చెప్పుకున్నాక కూడా, అందులో కొంత నాకు ఉంచుకోవాలని చూశాను. ఆనందం గారూ, మీ పెన్ను ఒకసారి ఇస్తారా. కొట్టేస్తున్నాను. కొట్టేసిన చోట పక్కన పొట్టి సంతకం పెట్టాలి, ఆఫీసు పద్ధతి. పెట్టాను. ఇప్పుడు చదువుతాను, విను. 'నేను రాసిన భాగంలోని పెద్ద లోపాన్ని ఆమె తనంతట తానే కనిపెట్టి, నేను పనిలోకి రావద్దన్నా మానకుండా అది నిజమేనని నిరూపించింది.' సరిపోయిందా?

ఇంకేమైనా తప్పు ఉందా, దీవెనా?

లేదంటోంది. అయితే కింద పూర్తి సంతకం పెడుతున్నాను. ఉద్యోగంలో ఉండగా నేను పెట్టే ఆఖరి సంతకం ఇదే. ఇంతసేపు ఆకలితో కూర్చొని విన్న మీ అందరికీ, కోపిష్టిని భరించిన నా ఇంటికీ, నేను అడగకపోయినా లేచి నిలబడ్డ ఈ అమ్మాయికీ కృతజ్ఞతలు. ఇక నాకు సెలవు.